ఎవరు బిగించారు ఈ బోల్టు?

పాత బండి బేరానికి వెళ్ళినప్పుడు ఉస్తాద్ ముందుగా ఇంజిన్ మీద అరచెయ్యి ఆనిస్తాడు. పలకరింపులు, మంచినీళ్ళు, "ఒక్క చేతి మీద నడిచిన బండి" అన్న పాత పాట, అన్నీ ఆ తర్వాతే. ఇంజిన్ చల్లగా తగిలితే పని మొదలుపెడతాడు. వెచ్చగా తగిలిందా, నవ్వి అరుగు మీద కూర్చుంటాడు. "తొందరేముందన్నా, చల్లారనియ్" అంటూ టీ అడుగుతాడు. వచ్చినవాడు మామూలు మనిషి కాదని అమ్మేవాళ్ళకు అక్కడే అర్థమవుతుంది. రాత్రంతా కదలకుండా ఉన్న ఇంజిన్ పొద్దున మొదటి సెల్ఫ్‌కి ఎలా అందుకుంటుందో చూస్తే దాని ఆరోగ్యం సగం తెలిసిపోతుంది. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచారంటే ఆ సగాన్ని దాచినట్టే.

ఇల్లందు జగదాంబ సెంటర్‌కు కూతవేటు దూరంలో ఆయన షెడ్డు. పేరు రాయొద్దన్నాడు కాబట్టి శిష్యులు పిలిచినట్టే ఉస్తాద్ అని పిలుచుకుందాం. యాభై దాటిన మనిషి. రిపేర్లు అందరిలాగే చేస్తాడు. అటు టేకులపల్లి, గుండాల, ఇటు బయ్యారం, కారేపల్లి దాకా ఆయనకు పేరు తెచ్చింది మాత్రం ఆయన చూపు. సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ బండి కొనాలనుకున్న కుర్రాళ్ళు ముందు ఆయన్ని వెంటబెట్టుకుని వెళతారు. దీనికి బోర్డు లేదు, రేటు లేదు. పెట్రోలు పోయించి పూట భోజనం పెట్టిస్తే చాలు. ఒకసారి నేనూ ఆ వెంట పడ్డాను. విరిగినదాన్ని బాగుచేసే నేర్పు అందరి కంటికీ కనిపిస్తుంది, మెచ్చుకుంటాం. ఎవరో ఎక్కడో బాగుచేసినదాన్ని పసిగట్టి, ఆ చేసినవాడి చెయ్యి ఎలాంటిదో చెప్పగల నేర్పు దానికి ఏమాత్రం తీసిపోదు. దాని గురించి మాత్రం ఎవరూ రాసినట్టు లేదు.

ఆ రోజు చూడబోయింది యమహా ఆర్‌15, మూడో వెర్షన్, 2018 బండి. హైదరాబాద్ నంబరు. అమ్మేది ఇల్లందు కుర్రాడే. చదువుకునేటప్పుడు అక్కడ కొన్నాడు, ఉద్యోగం వచ్చి ఇప్పుడు కారు మీద మనసు పడ్డాడు. కొనేది టేకులపల్లి అబ్బాయి. తోడు వాళ్ళ నాన్న, సింగరేణిలో పనిచేసి రిటైరైన మనిషి. కొడుకు కళ్ళు బండి మీద, తండ్రి కళ్ళు ఉస్తాద్ మీద.

ఉస్తాద్ పని నేర్చుకున్నది ఆర్ఎక్స్ 100 రోజుల్లో. 1985 నుంచి 1996 దాకా మన దేశంలో తయారైన ఆ బండిలో దాచడానికి చోటే లేదు. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్ రెక్కలతో సహా బయటికే కనిపించేది, గాలికే చల్లబడేది. కార్బురేటర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంటే బండి కథంతా కళ్ళెదుట ఉండేది. 2008లో ఆర్‌15 వచ్చాక పరిస్థితి మారిపోయింది. ఒళ్ళంతా ఫైబర్ కవచం. లోపల రేడియేటర్, నీళ్ళ పంపు, ఫ్యూయెల్ ఇంజెక్షన్, సెన్సర్లు. పైగా బోరు. మామూలు బండి సిలిండర్‌లో ఇనుప లైనర్ ఉంటుంది. అరిగితే బోరు కొట్టించి, ఒక సైజు పెద్ద పిస్టన్ వేసి మళ్ళీ ఎక్కిస్తారు. ఆర్‌15 సిలిండర్ మొత్తం అల్యూమినియమే, సిలికాన్ పాలు బాగా పెంచి పోతపోసినది. యమహా వాళ్ళు డయాసిల్ అంటారు. లైనర్ లేదు కాబట్టి బోరు కొట్టే దారి మూసుకున్నట్టే. గీతలు పడితే సిలిండరూ పిస్టనూ కొత్తవి కొనుక్కోవాల్సిందే. "ఆర్ఎక్స్‌లో తప్పు చూస్తే ఆ తప్పు ఖర్చు వందల్లో ఉండేది, ఇందులో వేలల్లో" అన్నాడు దారిలో. బండి ఖరీదైన కొద్దీ దాన్ని చూసే చూపు కూడా పదునెక్కక తప్పలేదు.

చెయ్యి ఆనించాక ఆయన బండి దగ్గరే నిలబడలేదు. వెనక్కి నడిచి ఏడెనిమిది అడుగుల దూరంలో గొంతుక్కూర్చున్నాడు. శిష్యుడు బండిని సైడ్ స్టాండ్ తీసి నిటారుగా పట్టుకున్నాడు. ఉస్తాద్ ఒక కన్ను మూసి వెనక టైరు అంచు మీదుగా ముందు టైరును చూశాడు. వెనక టైరు వెడల్పు ఎక్కువ కాబట్టి దాని రెండు పక్కల నుంచీ సమానమైన సందు వదిలి ముందు టైరు కనబడాలి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కనిపిస్తే ఫోర్కులో, స్వింగ్ ఆర్మ్‌లో, లేదా ఫ్రేములోనే తేడా ఉందన్నమాట. చైన్ బిగించేటప్పుడు వెనక చక్రాన్ని వంకరగా పెట్టినా ఇలాగే కనబడుతుంది. అందుకే స్వింగ్ ఆర్మ్ రెండు వైపులా ఉన్న గీతల గుర్తులు ఒకే అంకె దగ్గర ఉన్నాయో లేదో వెంటనే లేచి చూశాడు. ఉన్నాయి. కొట్టివేసే ముందు చిన్న కారణం ఏదైనా ఉందేమో అని వెతకడం ఆయన పద్ధతి. తప్పు దొరికిందని సంబరపడే మెకానిక్‌ను చూశాను గానీ, తప్పుకు సాకు వెతికే మెకానిక్‌ను ఈయన్నే చూశాను.

తర్వాత హ్యాండిల్ దగ్గరికి వచ్చాడు. ఇక్కడే ఎక్కువసేపు గడిపాడు, నేనూ ఇక్కడే ఎక్కువ నేర్చుకున్నాను.

స్పోర్ట్స్ బండి పడటంలో రెండు రకాలున్నాయి. ఒకటి పక్కకు పడి జారడం. దీనివల్ల గీతలు పడతాయి, ఫైబర్ పగులుతుంది, లివర్ వంగుతుంది. చూడటానికి భయంకరంగా ఉన్నా ఎముక విరగదు. రెండోది దేన్నో ఎదురుగా గుద్దడం. దీని గుర్తులు బయటికి పెద్దగా కనబడవు. కొత్త ఫైబర్ వేస్తే బండి కొత్తదైపోతుంది. ఫోర్కు రాడ్లు, వాటిని పట్టి ఉంచే టీ, ఫ్రేము తలకాయ మాత్రం లోపల దెబ్బతిని ఉంటాయి. ఆర్‌15కి ఉన్నది డెల్టాబాక్స్ ఫ్రేము. 1980లలో యమహా రేసు బళ్ళ నుంచి వచ్చిన పద్ధతి. హ్యాండిల్ తలకాయ నుంచి స్వింగ్ ఆర్మ్ ఇరుసు దాకా రెండు వెడల్పాటి దూలాలు దాదాపు సూటిగా పోతాయి. రేసు బళ్ళలో అల్యూమినియం, ఇందులో ఉక్కు. మలుపులో బండి రవ్వంత కూడా మెలిక తిరగకుండా ఉండటం దాని గొప్ప. ఆ గట్టిదనం వల్లే ఒకసారి వంగితే సరిచేయడం కష్టం. కాబట్టి ఉస్తాద్ కళ్ళు వెతికేది ఈ రెండో రకం ప్రమాదం కోసం.

హ్యాండిల్‌ను ఎడమకు చివరిదాకా తిప్పి, పట్టుకునే కడ్డీకీ పెట్రోలు ట్యాంకుకూ మధ్య సందులో వేళ్ళు పెట్టాడు. కుడికి తిప్పి మళ్ళీ అంతే. రెండు పక్కలా అవే వేళ్ళు అంతే వదులుగా పట్టాయి. ఆ తర్వాత టార్చి వేసి కిందికి వంగి స్టీరింగ్ స్టాపర్ చూపించాడు. హ్యాండిల్ ఇంతకన్నా తిరగకుండా ఆపే చిన్న లోహపు మొట్టె అది. గట్టిగా గుద్దుకున్న బండిలో హ్యాండిల్ విసురుగా తిరిగి ఈ మొట్టెను కొడుతుంది. అది నొక్కుకుపోతుంది, వంగుతుంది, పెయింటు లేచిపోతుంది. అమ్మేవాళ్ళు ఫైబర్ మారుస్తారు, అద్దాలు మారుస్తారు, లివర్లు మారుస్తారు. దీన్ని మాత్రం మార్చరు, మార్చలేరు. ఇలాంటిది ఒకటి ఉందని కూడా చాలామందికి తెలియదు. ఈ బండిలో స్టాపర్ మీద కంపెనీ నలుపు చెక్కుచెదరకుండా ఉంది. ఉస్తాద్ దాని మీద గోరు ఆడించి, ఏమీ అనకుండా రేడియేటర్ వైపు జరిగాడు. ఎదురు దెబ్బ తగిలితే ముందు చక్రం వెనక్కి జరిగి, మడ్‌గార్డ్ రేడియేటర్‌ను పొడుస్తుంది. దాని రెక్కలు బొగ్గు దుమ్ముతో మూసుకుపోయి ఉన్నాయి గానీ ఎక్కడా నలిగి లేవు.

దుమ్ము సంగతి చెప్పుకోవాలి. ఇల్లందు బొగ్గుతో పుట్టిన ఊరు. 1871లో విలియం కింగ్ ఈ చుట్టుపక్కల బొగ్గు ఉందని తేల్చాడు, 1889లో తవ్వకం మొదలైంది. ఊరికి బొగ్గుట్ట అన్న పేరు ఉట్టినే రాలేదు. ఇప్పటి ఓపెన్‌కాస్ట్ గనుల నుంచి టిప్పర్లు తిరిగే రోడ్ల మీద సన్నని నల్ల పొడి లేస్తూనే ఉంటుంది. మిగతా ఊళ్ళ మెకానిక్‌లకు లేని సదుపాయం అది. ఆరిన లోహం మీద ఆ పొడి నిలవదు, ఎగిరిపోతుంది. చమురు ఏ కాస్త ఊరినా అక్కడ పట్టుకుని నల్లటి ముద్ద అవుతుంది. కాబట్టి ఇక్కడ తిరిగే బండిలో ఆయిల్ ఎక్కడ కారుతుందో కనుక్కోవడానికి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు, దుమ్ము ఎక్కడ గడ్డకట్టిందో చూస్తే చాలు. ఉస్తాద్‌కు నచ్చని బండి ఏదంటే, బేరానికి ముందు రోజు వాటర్ సర్వీసింగ్ చేయించి, ఇంజిన్‌కు డీజిల్ తుడిచి, టైర్లకు పాలిష్ కొట్టిన బండి. అలాంటిది కనిపిస్తే "మూడు రోజులు తిప్పి రండి, అప్పుడు చూస్తా" అని వచ్చేస్తాడట. ఈ కుర్రాడు బండి కడగలేదు. బద్ధకం వల్లనే కావచ్చు, అయినా లాభం అతనికే దక్కింది.

ఫోర్కు రాడ్ల మీద నుంచి పైకి కిందికి వేలు జార్చాడు ఉస్తాద్. ముందు బ్రేకు పట్టి బండిని నాలుగైదుసార్లు బలంగా కిందికి అదిమాడు. పైకి వచ్చేటప్పుడు ఒక్కసారిగా ఎగరకుండా నెమ్మదిగా రావాలి, రాడ్డు మీద తడి చార ఏర్పడకూడదు. ఎడమ దానికి సన్నని చార వచ్చింది. ఆయిల్ సీల్ పోతోంది. ఆ తర్వాత ఇంజిన్ కింద దిమ్మె పెట్టి ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్‌ను చిటికెన వేలితో నెట్టాడు. మధ్యలోకి రాగానే హ్యాండిల్ కాస్త ఇరుక్కున్నట్టు ఆగింది. నన్నూ నెట్టి చూడమన్నాడు. ముందు నాకేమీ తెలియలేదు. కళ్ళు మూసుకోమన్నాడు. అప్పుడు తెలిసింది, నడిమధ్యన ఒక చిన్న గుంట, దాంట్లో పడి లేచినట్టు. కోన్‌సెట్ పోయింది. తలకాయలో ఉండే గుళ్ళు ఒకేచోట నొక్కుకుని గిన్నెలో గుంటలు పడ్డాయి. గుంతల రోడ్ల వల్ల పడతాయి, బిగింపు సరిగ్గా లేకపోతే పడతాయి. చక్రం లేపి వీలీలు కొట్టి దబ్బున దింపినా పడతాయి. మూడో కారణం అయితే వ్యవహారం వేరు. వీలీలు కొట్టిన ఇంజిన్ తలకు ఆ కాసేపు ఆయిల్ సరిగ్గా అందదు.

అందుకని బండి వెనక్కి వెళ్ళి నంబరు ప్లేటు కింది అంచు, వెనక మడ్‌గార్డ్ కొస చూశాడు. స్టంట్లు చేసిన బండి అయితే అవి నేలకు రాసుకుని అరుగుతాయి. ఫ్రేముకు గార్డు బిగించడానికి వేసిన కొత్త రంధ్రాలేమైనా ఉన్నాయా అని తడిమాడు. లేవు. కుర్రాణ్ణి మాత్రం ఒక్కటే అడిగాడు: "తమ్ముడూ, హైదరాబాద్‌లో ఏ రూట్‌ల తిరిగినవ్?" మెట్రో పనులు, తవ్విన రోడ్లు, రోజూ ముప్పై కిలోమీటర్లు అన్నాడు అతను. ఉస్తాద్ తలూపాడు. కోన్‌సెట్ ఖర్చు లెక్కలో పడింది, అనుమానం మాత్రం పోయింది.

ఇప్పుడు గీతల దగ్గరికి. ఎడమ పక్క హ్యాండిల్ కొస, క్లచ్ లివర్ చివర, ఫుట్‌రెస్ట్ మొన, మూడింటి మీదా పొట్టి గీతలున్నాయి. ఎటుపడితే అటు, ఒకేచోట. నిలబెట్టిన బండి ఒరిగి పడితే ఇలాగే ఉంటుంది. దాన్ని పట్టించుకోలేదు. కుడి పక్క కథ వేరు. కుడి ఫైబర్ కొత్తది. దాని రంగు ఎడమదానికన్నా ఒక ఛాయ ముదురు. ఎండ తినలేదు ఇంకా. బిగించిన స్క్రూలలో రెండింటి తలలు వేరే రకం. బ్రేకు లివర్ కంపెనీది కాదు. సైలెన్సర్ మీది రేకు మీద ముందు నుంచి వెనక్కి సన్నటి గీతలు, పొడవుగా, ఒకదాని పక్కన ఒకటి. అంటే నడుస్తున్న బండి పడి జారింది. గీత పొడవు ఎంత దూరం జారిందో, గీతల వరస బండి ఏ కోణంలో జారిందో చెబుతాయి. ఉస్తాద్ తన అరచేతిని రేకు మీద, ఆ తర్వాత ఫుట్‌రెస్ట్ మీద, చివరికి ఇంజిన్ కుడి కవరు మీద పెట్టాడు. ఒక సరళరేఖ. మూడూ ఒకేసారి నేలను తాకాయి.

"పడ్డది కదా" అన్నాడు. అడిగినట్టు లేదు, చెప్పినట్టు ఉంది.

కుర్రాడు కాసేపు నీళ్ళు నమిలి, వానలో కూకట్‌పల్లి దగ్గర జారిందని ఒప్పుకున్నాడు. కొనే అబ్బాయి మొహం వాడిపోయింది. ఉస్తాద్ మాత్రం చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. అసలు పని ఇప్పుడు మొదలైంది.

కుడి కవరు అంటే క్లచ్ కవరు. దాని వెనక క్లచ్ ప్లేట్లు ఉంటాయి. కవరు నేలకు రాసుకుని సన్నబడితే, చిన్న పగులు పడితే, ఇంజిన్ ఆయిల్ అంతా అక్కడి నుంచే పోతుంది. ఈ కవరు మార్చినట్టుంది, నలుపు కొత్తగా ఉంది. మార్చారంటే ఇంజిన్‌ను ఒక పక్క విప్పారు. ఎవరు విప్పారు అన్నది ఉస్తాద్‌కు అనవసరం, ఎలా మూశారు అన్నదే ఆయన ప్రశ్న. కవరు చుట్టూ ఉన్న బోల్టులను ఒక్కొక్కటే టార్చి కింద చూశాడు. తొందరపడే మెకానిక్ సైజు సరిపోని పానాతో తిప్పుతాడు. బోల్టు తల మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. ఇక్కడ మూలలన్నీ పదునుగా ఉన్నాయి. తర్వాత కవరుకూ ఇంజిన్‌కూ మధ్య అతుకు వెంబడి బొటనవేలి గోరు పోనిచ్చాడు. పాత ప్యాకింగ్‌నే మళ్ళీ వేసి, కారకుండా సీలెంట్ ట్యూబు సగం పిండేసే పద్ధతి ఒకటి మన దగ్గర ఉంది. అలా చేస్తే అతుకు బయటికి బంక పొంగి గడ్డకడుతుంది. బయటికి పొంగింది లోపలికి కూడా పొంగుతుంది. ఆ ముక్కలు ఊడి ఆయిల్ దారుల్లో అడ్డం పడితే ఇంజిన్ చస్తుంది. ఈ అతుకు సన్నగా, ఒకే మందంతో ఉంది. ప్యాకింగ్ అంచు వెంట్రుక మందం కూడా బయటికి రాలేదు. గోరు ఎక్కడా ఆగలేదు. దుమ్ము గడ్డ కూడా ఎక్కడా లేదు.

ఉస్తాద్ రెండోసారి గోరు పోనిచ్చాడు. మొదటిసారి పరీక్ష కోసం. రెండోసారి ఎందుకో నాకు అర్థమైంది. మంచి పనిని ముట్టుకోవాలనిపిస్తుంది పనివాడికి.

"ఎవరో గానీ తెలిసినోడే బిగించిండు" అన్నాడు. అతుకు కింద ఆయిల్ డ్రెయిన్ బోల్టు వాషరు కూడా కొత్తదేనని చూపించాడు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఆ చిన్న వాషరు మార్చే మెకానిక్‌లు ఎంతమంది ఉంటారు? మరచిపోయినా అడిగేవాళ్ళుండరు. పడ్డ బండిని తిప్పికొట్టేవాడినైతే నేను ఈపాటికి ఇంటికి బయల్దేరేవాణ్ణి. ఉస్తాద్ లెక్కలో ఆ కవరు బండి విలువను పెంచింది. ఒక మంచి మెకానిక్ చేతిలో తిరిగిన బండి అని దానివల్ల రుజువైంది. మిగతా పనులు కూడా అదే చెయ్యి చేసి ఉండొచ్చు.

సీటు లేపి వైరింగ్ చూశాడు. హారన్ కోసమో లైట్ల కోసమో కోసి టేపు చుట్టిన వైర్లు లేవు. చైన్‌ను వెనక స్ప్రాకెట్ దగ్గర వేలితో వెనక్కి లాగాడు. పంటి నుంచి బాగానే లేచింది, పళ్ళ మొనలు ఒక పక్కకు వంగడం మొదలైంది. చైన్ కిట్ ఖర్చు లెక్కలో వేశాడు. టైరు గోడ మీద నాలుగంకెల ముద్ర చదివాడు. మొదటి రెండు ఏడాదిలో ఎన్నో వారమో, చివరి రెండు ఏ సంవత్సరమో చెబుతాయి. రెండు టైర్లదీ 18తో ముగిసింది. పైన గాడి మిగిలే ఉంది గానీ రబ్బరు గట్టిపడి సన్నగా బీటలిచ్చింది. "గాడి చూసి టైరు కొనద్దు" అన్నాడు కొనే అబ్బాయితో. కిలోమీటర్ల అంకె ఆయన చివరికి చూశాడు, అదీ పక్కచూపుతో. మీటర్ అంకెను తిప్పేవాళ్ళున్నారు. ఫుట్‌రెస్ట్ రబ్బరును, గేర్ పెడల్ కొసను, హ్యాండిల్ గ్రిప్పును తిప్పి తెచ్చేవాళ్ళు లేరు. ఆ మూడూ మీటర్ చెప్పిన దానితో కలిశాయి.

ఇప్పటిదాకా ఇంజిన్ స్టార్ట్ చేయలేదు. గంట దాటింది.

మళ్ళీ తాళం తిప్పగానే మీటర్ వెలిగింది, పెట్రోలు పంపు రెండు క్షణాలు జుమ్మని మోగి ఆగింది. ఇంజిన్ హెచ్చరిక దీపం వెలిగి ఆరింది. అది అసలు వెలగకపోయినా అనుమానించాలట, బల్బు తీసేసేవాళ్ళున్నారు. శిష్యుణ్ణి సైలెన్సర్ వెనక నిలబెట్టి సెల్ఫ్ నొక్కాడు. వెంటనే అందుకుంది. తెల్లటి ఆవిరి కాస్త వచ్చి పోయింది. పొద్దుటి చలికి మామూలే. నీలం పొగ వచ్చి ఉంటే ఆయిల్ మండుతున్నట్టు, అంటే ఆ బోరు కొట్టలేని సిలిండర్ సంగతి ఆలోచించాల్సి వచ్చేది. తెల్ల పొగ ఆగకుండా తియ్యటి వాసనతో వస్తే కూలెంట్ లోపలికి దిగుతున్నట్టు. రెండూ లేవు. ఆయిల్ మూత లోపలివైపు కూడా స్టార్ట్ చేయకముందే చూశాడు. మీగడలాంటి నురగ లేదు.

ఇక వినడం. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవి దగ్గరి ఎముకకు పెట్టుకున్నాడు. తలమీద ఒకచోట, పక్కన టైమింగ్ చైన్ ఉండేచోట, కింద క్రాంక్ దగ్గర, క్లచ్ కవరు మీద. కొనే అబ్బాయి నాన్న అప్పటిదాకా నోరు తెరవలేదు. ఇది చూసి ముందుకు వచ్చాడు. అండర్‌గ్రౌండ్‌లో షిఫ్ట్ మొదలయ్యే ముందు సర్దార్ కర్రతో గని పైకప్పును తట్టి వినేవాడట. గట్టి బండ ఖంగుమంటుంది. పొర విడిన బండ బోలుగా డబ్బుమంటుంది. ఆ చప్పుడు విని పని మొదలుపెట్టాలా, దిమ్మెలు పెట్టాలా అన్నది తేల్చేవాళ్ళు. "ఇదీ అదే గదా" అన్నాడు పెద్దాయన. అప్పటినుంచి ఉస్తాద్‌ను చూసే తీరు మారింది, బేరంలో కూడా ఆయన మాటే అన్నాడు.

ఉస్తాద్ స్క్రూడ్రైవర్ నాకు ఇచ్చాడు. తల దగ్గర సన్నగా, వేగంగా టికటిక. అది టాపెట్ల చప్పుడు, ఉండాల్సిందే. అసలు వినిపించకపోతే సందు బిగుసుకుపోయిందేమో అనుకోవాలి. పక్కన టైమింగ్ చైన్ గరగరలాడకూడదు, ఆడలేదు. క్లచ్ కవరు మీద సన్నటి గలగల ఉంది. క్లచ్ పట్టగానే ఆగిపోయింది, వదలగానే మళ్ళీ వచ్చింది. పెద్ద జబ్బేం కాదన్నాడు. కింద క్రాంక్ దగ్గర లోతుగా ఠక్ ఠక్ అని వినిపిస్తే మాత్రం, ఎంత తక్కువకు ఇచ్చినా బండి వదిలేసి రమ్మన్నాడు. అక్కడ నాకు వినిపించింది ఒకే తీరుగా సాగే గుడగుడ మాత్రమే. ఆ ఇంజిన్ 11.6కు 1 కంప్రెషన్‌తో, 10,000 చుట్ల దగ్గర 19.3 గుర్రాల బలంతో లాగుతుందని కాగితం మీద చదవడం వేరు, చెవి ఎముకతో వినడం వేరు.

నడిపి చూసేటప్పుడు కొత్తగూడెం రోడ్డు ఎక్కాడు. నేను వెనక ఇంకో బండి మీద. ఖాళీగా ఉన్నచోట హ్యాండిల్ మీద చేతులు వదులు చేసి బండి ఏ పక్కకైనా లాగుతుందేమో చూశాడు. ఆరో గేరులో నెమ్మదిగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పాడు. చుట్లు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. రెండూ కలిసే పెరిగాయి. తర్వాత రెండో గేరులో పట్టి లాగాడు. మూడో వెర్షన్‌లో ఒక విశేషం ఉంది. పెట్రోలూ గాలీ లోపలికి వచ్చే వాల్వులకు రెండు కామ్‌లుంటాయి, నెమ్మదికి ఒకటి, వేగానికి ఒకటి. 7,400 చుట్లు దాటగానే ఒకదాని నుంచి ఒకదానికి మారతాయి, మీటర్ మీద వీవీఏ అని వెలుగుతుంది. దూరం నుంచే గొంతు మారడం వినిపించింది నాకు. అంతలో ఎదురుగా బొగ్గు టిప్పర్ వస్తే నిదానించి పక్కకు తీశాడు. వయసులో ఉన్నవాడైతే అక్కడే ఓవర్‌టేక్ చేసి చూపించేవాడు.

తిరిగి వచ్చాక ఇంజిన్ ఆపి మళ్ళీ టార్చి తీశాడు. వేడెక్కి ఒత్తిడి పెరిగాక మాత్రమే కారే అతుకులుంటాయి. లేవు. అప్పుడు ఆర్‌సీ అడిగాడు. హ్యాండిల్ తలకాయ మీద చెక్కిన చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీశాడు. అంకెల చుట్టూ రాపిడి గుర్తులు, కొట్టి మార్చిన గుర్తులు లేవు. ఇంజిన్ నంబరు కూడా కలిసింది. ఆర్‌సీ మీద ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉంది. వాయిదాలన్నీ కట్టేశాను అన్నాడు కుర్రాడు. కట్టడం వేరు, పేరు తీయించడం వేరు. ఫారం 35 మీద వాళ్ళ సంతకం పడి, ఆర్టీఏలో ఎక్కేదాకా బండి పూర్తిగా అతనిది కాదు. చలాన్లు కూడా అక్కడే ఫోన్‌లో తీసి చూశాడు, రెండున్నాయి.

ఈ కాగితాల దగ్గర ఉస్తాద్ అమ్మేవాడి పక్షాన కూడా మాట్లాడతాడు. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి బండి ఇచ్చేసి మరచిపోవడం మన దగ్గర అలవాటు. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడు ఆర్టీఏకు చెప్పాలి, కొన్నవాడు 30 రోజుల్లో తన పేరున మార్పించుకోవాలి. మార్చలేదా, రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్నవాడిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చేతులు మారి మారి వెళ్ళిన కారు విషయంలో మొదటి యజమాని మెడకు చుట్టుకుంది ఆ కేసు. "నువ్వు కారులో తిరుగుతుంటే నీ పాత బండి కేసు నీ ఇంటికొస్తది" అని కుర్రాడికి చెప్పాడు.

బేరం పావుగంటలో తేలింది. రెండు టైర్లు, చైన్ కిట్, కోన్‌సెట్, ఒక ఆయిల్ సీల్, గాలి ఫిల్టర్. ఆ ఫిల్టర్ నూనె పట్టించిన కాగితం. గాలి కొట్టి మళ్ళీ వేసే రకం కాదు, బొగ్గు దుమ్ము ఊళ్ళో ఇంకా త్వరగా మార్చాలి. వీటి ఖర్చు వేళ్ళ మీద లెక్కగట్టి ధరలోంచి తగ్గించమన్నాడు. పడినందుకు ఒక్క రూపాయి తగ్గించమనలేదు. కొనే అబ్బాయి చెవిలో ఏదో గొణిగితే, "దానికి కట్టాల్సిన డబ్బు ఆ కవరు బిగించినోడికి ఎప్పుడో కట్టిన్రు" అన్నాడు. విప్పకుండా తాను చూడలేనివి కూడా చెప్పాడు. గేర్ల పళ్ళు, వాల్వుల కూర్చోబాటు, పిస్టన్ మీది గీతలు. వాటి పూచీ తనది కాదన్నాడు. ఫారం 35 చేతికి వచ్చాక మిగతా డబ్బు అన్న షరతు మీద బయానా ఇచ్చారు.

లేచేముందు కుర్రాణ్ణి పక్కకు పిలిచి, కూకట్‌పల్లిలో కవరు మార్చిన మెకానిక్ నంబరు అడిగాడు. అక్కడే ఫోన్ చేశాడు. నేను ఫలానా ఇల్లందు నుంచి, మీరు చేసిన ఆర్‌15 చూశాను అని చెప్పి, అవతలివాడు ఏదైనా ఫిర్యాదేమోనని కంగారుపడేలోపే అసలు ప్రశ్న వేశాడు.

"అన్నా, ఆ క్లచ్ కవర్ ప్యాకింగ్ కంపెనీదా, బయటదా?"

కంపెనీదేనట. ఎక్కడ దొరుకుతుందో అడిగి షాపు పేరు రాసుకున్నాడు.